గెర్లిండె ఇచ్చిన ఫైల్షెన్

గెర్లిండె హైనికె తోటలో అడుగు పెట్టాలంటే ముందు కిందికి చూసుకోవాలి. తలుపు తీసీ తీయగానే లోపలినుంచి, "ఆగండాగండి! ఆ కాలు ఎక్కడ పెడుతున్నారు?" అని కేక వినబడేది. లైప్జిగ్ ఊళ్ళో పెళ్ళికాని రోజులనుంచి పింఛను పుచ్చుకునేదాకా ట్రామ్ నడిపిన గొంతు అది. ఆ గొంతుకి లారీలే ఆగేవి, మనిషి ఆగడా? ఒంటికాలి మీద నిలబడిపోయి చూస్తే, బూటుకి అంగుళం కింద, గుండ్రటి ఆకుల మధ్య ఊదారంగు పువ్వొకటి తల వంచుకుని ఉండేది. అడవి వయొలెట్. అక్కడివాళ్ళు ఫైల్షెన్ అంటారు.

ఇప్పుడు ఆ తలుపు తీస్తే కేక వినబడదు. అయినా తెలిసినవాళ్ళం ఒక్క క్షణం ఆగే లోపలికి వెళ్తాం.

ఆ పువ్వుల్ని గెర్లిండె నాటలేదు. ఎవరూ నాటలేదు. రైలుకట్ట పక్కన ఉండే తోటల సంఘంలో ఆమెది చివరి ముక్క. ఊళ్ళో మేడల మీద ఇరుకింట్లో ఉండేవాళ్ళందరికీ అక్కడ తలా ఒక ముక్క నేల, దాన్లో ఒక చెక్క గుడిసె. గెర్లిండె, ఆమె భర్త సీగ్మార్ పెళ్ళైన కొత్తలో ఆ ముక్క తీసుకున్నారు. మొదటి వసంతంలోనే కట్ట మీదనుంచి చీమలు గింజల్ని లాక్కొచ్చి కంచె కింద పారేశాయి. ఆ గింజకు ఒక కొసన నూనె ముద్దలాంటిది అంటుకుని ఉంటుంది. చీమలకు అదే కావాలి. అది తినేసి గింజను వదిలేస్తాయి. రెండో ఏడు కంచె కింద పూసినవి మూడో ఏడు బాట మీదికి వచ్చాయి. తర్వాత గుడిసె మెట్ల సందుల్లోకి దూరాయి.

గెర్లిండెకు వాటిమీద మనసు పోయింది. ఒకసారి వాటిని తవ్వి, మంచి ఎరువు వేసి, మెట్లకు అటూ ఇటూ ముచ్చటగా నాటింది. అన్నీ అలిగి చచ్చిపోయాయి. తవ్వకుండా వదిలేసిన రెండు మొక్కలు మాత్రం రాతి పగుల్లో విరగబూశాయి.

"పెట్టినచోట ఉండవు, ఉన్నచోట పెట్టుకోవాలి" అనేది తర్వాత్తర్వాత, తోట చూడటానికి వచ్చినవాళ్ళతో.

పెంచడమంటే ఆమె చేసేది తక్కువ, చేయకుండా ఊరుకునేది ఎక్కువ. శరదృతువులో రాలిన ఆకుల్ని ఊడ్వదు. అవే కుళ్ళి వాటికి పక్కా దుప్పటీ అవుతాయి. ఎండాకాలం నడిమికి వచ్చేదాకా గడ్డి కోయదు. తీగలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఊపిరాడకుండా చేసుకుంటే కత్తెర పట్టుకెళ్ళి విడదీస్తుంది. మరీ ఎండ కాస్తే సాయంత్రం వేళ నీళ్ళు చిలకరిస్తుంది. వేసవిలో అవి ఇంకో కాపు కాస్తాయి. ఆ మొగ్గ విచ్చుకోదు, రంగూ ఉండదు, వాసనా ఉండదు. ఆకుల చాటున మొగ్గగానే ఉండి గింజ కట్టేస్తుంది.

"వసంతంలో సింగారమంతా ఊరివాళ్ళ కోసం. పిల్లల్ని మాత్రం చాటుగా కంటాయి దొంగముండలు" అని గెర్లిండె నవ్వేది.

సీగ్మార్‌కు ఆ నవ్వు నచ్చేది కాదు. అతనిది బంగాళాదుంపల పిచ్చి. అతని దుంపమడి వైపు ఒక్క వయొలెట్ తల ఎత్తితే పార పట్టుకుని బయలుదేరేవాడు.

"నీ చుట్టాలు మళ్ళీ వచ్చారు చూడు" అనేవాడు.

"చుట్టాల్ని పారతో పలకరిస్తారా ఎవరైనా?"

"పిలవకుండా వచ్చేవాళ్ళకు పారే మర్యాద."

పెళ్ళైననాటినుంచీ ఏటా వసంతంలో ఇదే యుద్ధం. ఏటా దుంపలదే గెలుపు. ఒక శరదృతువులో, దుంపలన్నీ తవ్వి బస్తాల్లో పోసిన వారానికి, సీగ్మార్ నిద్రలోనే పోయాడు. తర్వాతి వసంతంలో ఆ మడిలో ఎవరూ ఏమీ వేయలేదు. గెర్లిండె పార ముట్టుకోలేదు. ఆ మరుసటి మార్చిలో ఆమె గుడిసె తలుపు తీసేసరికి మడికి ఒక అంచున ఊదారంగు కనబడింది. చీమలు తమ పని తాము చేసుకుపోయాయి. రెండేళ్ళు తిరిగేసరికి దుంపమడి అంతా వయొలెట్లే.

ఆ తోటల సంఘానికి అన్నిటికన్నా పాత నియమం ఒకటుంది. ప్రతివాళ్ళూ తమ ముక్కలో మూడోవంతు నేలలో తినేవి పండించాలి. తక్కిన రెండొంతుల్లో గడ్డి పెంచుకో, మరుగుజ్జు బొమ్మలు పెట్టుకో, నీ ఇష్టం. ఆ మూడోవంతు మాత్రం కూరో కాయో పండో అయి తీరాలి. అది చూడటానికి సంఘం అధ్యక్షుడు ఏటా వసంతంలో తోట తోటా తిరుగుతాడు.

అధ్యక్షుడి పేరు ఓట్మార్ చోకె. ట్రామ్ పట్టాలు సరిచేసే పనిలో బతుకంతా గడిపిన మనిషి. పట్టా ఎంత తిన్నగా ఉండాలో ఆయనకు ప్రపంచమంతా అంత తిన్నగా ఉండాలి. సంఘంలో అందరూ ఒకరినొకరు 'తోటమిత్రమా' అని పిలుచుకోవడం ఆనవాయితీ. తక్కినవాళ్ళు సభల్లో తప్ప ఆ మాట వాడరు. చోకె మాత్రం పాలదుకాణంలో కనబడినా వాడతాడు.

"తోటమిత్రమా హైనికె" అన్నాడు ఒక వసంతంలో, దుంపమడి ముందు నిలబడి. "మీ మూడోవంతు ఏదీ?"

"మీ కళ్ళ ముందే ఉందిగా."

"ఇది పువ్వు."

"చూపు బాగానే ఉంది మీకు."

చోకె నవ్వలేదు. "వచ్చే వసంతానికి ఇక్కడ తినే పంట కనబడకపోతే ఈ ముక్క ఇంకొకరికి ఇవ్వాల్సి వస్తుంది. తోటల కోసం ఎంతమంది కాచుకుని ఉన్నారో మీకు తెలుసు. నియమం నేను రాసింది కాదు."

 పక్కతోట రెనాటె వచ్చి, "అయ్యో, దానికింత బాధ ఎందుకే? రెండు వరసలు దుంపలు వేసి పారేయరాదూ?" అంటే గెర్లిండె చెప్పింది.

"ఆయన పోయాక ఆ మడి ఉత్తినే పడుంటే చూడలేకపోయాను రెనాటె. ఎవరో ఒకరు రావాలిగా. వీళ్ళొచ్చారు. ఇప్పుడు పార పట్టుకుని పొమ్మంటానా?"

రెనాటె మంచిది. అయితే ఆమె చెవిలో పడ్డ మాట సాయంత్రంలోగా తోటలన్నీ తిరిగొచ్చేది. తిరిగొచ్చేటప్పటికి రెండు కొత్త మాటల్ని వెంటపెట్టుకొచ్చేది కూడా. ఈసారి మాత్రం ఆ మాటను ఆమె ఎవరికీ చెప్పలేదు.

మళ్ళీ మార్చి వచ్చింది. వయొలెట్లు ఎన్నడూ లేనంతగా పూశాయి. ఒకరోజు పొద్దున్నే గెర్లిండె బెర్రీ పొద వెనక మోకాళ్ళ మీద వంగి కలుపు తీస్తోంది. చోకె రావడం ఆమె చూడలేదు. తనిఖీకి ముందే ఆ మడిని ఒకసారి కొలిచి పెట్టుకుందామని ఆయన మడత కొలబద్ద పట్టుకుని వచ్చాడు. పిలిచాడట, చెవి కాస్త మందగించిన గెర్లిండెకు వినబడలేదు. పొదకు ఇవతల ఆయన మోకాళ్ళ మీద కూర్చుని కొలత తీసుకున్నాడు. తీసుకున్నవాడు లేచి పోవచ్చుగా? పోలేదు. అటూ ఇటూ చూసి, ఒక పువ్వు దగ్గరికి ముక్కు తీసుకెళ్ళాడు. వాసన మొదటిసారి తెలిసింది, రెండోసారి తెలియలేదు. ఆ పువ్వు అంతే, ఒకసారి తెలిసి మాయమవుతుంది, కాసేపాగితే మళ్ళీ వస్తుంది. అదెక్కడికి పోయిందా అని ఇంకా ముందుకు వంగాడు. సరిగ్గా అప్పుడే గెర్లిండె లేచింది. ఆమె నడినెత్తి ఆయన ఎడమ కంటికి తగిలింది.

"అమ్మో!" అన్నారిద్దరూ.

గెర్లిండె ఆయన్ను గుడిసె మెట్టు మీద కూర్చోబెట్టి, చన్నీళ్ళలో ముంచిన చెంచా కంటికి అద్దింది. చోకె ఒక కంటితోనే కొలబద్ద మడిచి జేబులో పెట్టుకుని, మర్యాదగా సెలవు తీసుకున్నాడు. మధ్యాహ్నానికి ఆ కన్ను ఊదారంగుకు తిరిగింది.

అసలు చిక్కు ఇక్కడే. ఆ దేశంలో దెబ్బకు కమిలిన కన్నును కూడా ఫైల్షెన్ అనే అంటారు. పువ్వుకూ అదే మాట, వాపుకూ అదే మాట.

రొట్టెల దుకాణంలో ఎవరో, "ఈ ఫైల్షెన్ ఎక్కడిదండీ చోకె గారూ?" అని అడిగారు. చోకె అబద్ధమాడే మనిషి కాదు. "హైనికె గారిది" అని రొట్టె పుచ్చుకుని వెళ్ళిపోయాడు. తోట ఊడబెరుకుతానన్నందుకు గెర్లిండె అధ్యక్షుణ్ణి గుద్దిందని ఆ దుకాణంలో ఉన్నవాళ్ళంతా ఒక నిర్ణయానికొచ్చారు.

రెనాటె ఆ దుకాణంలో లేదు. గెర్లిండె చోకెకి ఫైల్షెన్ ఇచ్చిందని మాత్రం నీళ్ళ పంపు దగ్గర ఎవరో అనగా విన్నది. ఆమె కళ్ళకు పూలగుత్తే కనబడింది. చేతిలో బిందె చేతిలో ఉండగానే కంచె దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"ఏమే, చోకెకి ఫైల్షెన్ ఇచ్చావటగా?"

గెర్లిండె సిగ్గుపడిపోయింది. "నీదాకా వచ్చిందా అప్పుడే? ఇచ్చాను. కావాలని కాదే తల్లీ, అలా జరిగిపోయింది."

"ఎలా జరిగింది?"

"ఏముంది, ఆయన మోకాళ్ళ మీద ఉన్నాడు..."

"మోకాళ్ళ మీదా!" రెనాటె బిందె కింద పెట్టేసింది.

"ఆఁ. నాకు తెలియదు కదా, ఉన్నట్టుండి లేచాను. అంతే. ఇద్దరికీ చుక్కలు కనబడ్డాయి."

"అమ్మా, తర్వాత?"

"తర్వాతేముంది, మెట్టు మీద కూర్చోబెట్టాను. పాపం, నోట మాట రాలేదు. కాసేపు ముఖం పట్టుకుని కూర్చున్నాను."

"ఈ వయసులో!" అంది రెనాటె, కళ్ళు తుడుచుకుంటూ.

"వయసు కాబట్టే మరి. కుర్రాళ్ళయితే తప్పుకునేవాళ్ళు."

ఆ సాయంత్రానికి సంఘం రెండుగా చీలింది. సగం మంది గెర్లిండె అధ్యక్షుణ్ణి కొట్టిందన్నారు, సగం మంది పెళ్ళి చేసుకుంటోందన్నారు. కొందరు పెద్దమనుషులు రెండూ కలిపి, ముందు కొట్టింది, ఆనక ఒప్పుకుంది, అలాంటి కాపురాలే నిలుస్తాయి అని సర్దుబాటు చేశారు. గెర్లిండె బాట మీద నడుస్తుంటే ఒకళ్ళు పిడికిలి చూపించి నవ్వుతారు, ఇంకొకళ్ళు "శుభం, శుభం" అంటారు. ఏం జరుగుతోందో ఆమెకు బొత్తిగా అర్థం కాలేదు. తోట పోతుందన్న దిగులుకు ఇదొకటి తోడు.

తోట సంగతి ఈస్టర్ సెలవులకు ముందే తేల్చేయాలని సంఘం కమిటీ గురువారం మధ్యాహ్నం కూర్చుంది. ఈస్టర్ ముందు వచ్చే ఆ గురువారాన్ని ఆకుపచ్చ గురువారం అంటారు. ఆ రోజు ఇంట్లో పచ్చటి ఆకులేవైనా ఉడకాలి. గెర్లిండె ఏటా తోటలో దొరికిన ఆకులన్నీ కోసి చారు కాస్తుంది. ఈ ఏడూ పొద్దున్నే గుడిసెలో కాచింది. దురదాకు, పుల్లాకు, అన్నిటికంటే ఎక్కువగా లేత వయొలెట్ ఆకులు. రెండు దుంపలు వేసి మెదిపి, పైన మీగడ కలిపింది. ఇదే ఆఖరి చారేమో అనుకుంటూ కాచింది కాబట్టి గుండిగ నిండా కాచింది. కమిటీ పిలుపు రాగానే, వెనక్కి వచ్చేసరికి చల్లారిపోతుందని గుండిగను సంఘం గదికే మోసుకెళ్ళి, అక్కడి పొయ్యి మీద చిన్న మంట పెట్టింది.

చోకె లేచి, గొంతు సవరించుకుని, "తోటమిత్రులారా, మొదటి విషయం..." అన్నాడు. కంటి చుట్టూ రంగు పసుపులోకి తిరుగుతోంది.

"ఒక్క నిమిషం" అంది ఉపాధ్యక్షురాలు బ్రొడౌఫ్. బేకరీలో పిండి పిసికిన చేతులు ఆమెవి, బల్ల మీద వేస్తే బల్ల వింటుంది. "నియమం ప్రకారం, ఎవరి సంగతి చూస్తున్నామో వాళ్ళతో పగ ఉన్నవాళ్ళూ బంధుత్వం ఉన్నవాళ్ళూ తీర్పులో కూర్చోకూడదు."

"నాకు హైనికె గారితో పగ లేదు" అన్నాడు చోకె.

"అయితే రెండోది అన్నమాట" అన్నారెవరో. గదంతా నవ్వింది.

"రెండోదేమిటి?"

"చూడండి చోకె గారూ" అంది బ్రొడౌఫ్, నవ్వాపుకుంటూ. "ఆవిడ మీకు ఫైల్షెన్ ఇచ్చిందా లేదా?"

"ఇచ్చింది."

"అది ఏ ఫైల్షెన్ అన్నది మీ సొంత విషయం. మేమడగం. కొట్టినా మీరు పక్షపాతే, ప్రేమించినా పక్షపాతే. నియమం మీరు రాసింది కాదు. బయట కూర్చోండి. హైనికె గారూ, మీరూను."

సంఘం గది బయట ఒకే ఒక్క బెంచీ ఉంది. ఇద్దరూ చెరో కొసన కూర్చున్నారు.  అప్పుడుగానీ గెర్లిండెకు జరిగిందంతా తెలిసిరాలేదు. మొదట చెవులు ఎర్రబడ్డాయి, తర్వాత పొట్ట కదిలింది, ఆ తర్వాత ట్రామ్ గంటలాంటి నవ్వు వచ్చేసింది.

"రెనాటె! 'ఈ వయసులో' అందయ్యా అది నాతో! నేనేమన్నానో తెలుసా? కుర్రాళ్ళయితే తప్పుకునేవాళ్ళన్నాను."

చోకె మూతి కూడా కదిలింది. "నన్ను మా మేడమీదావిడ, పెళ్ళిమంచానికి కొలతలు తీసుకున్నారా అని అడిగింది. ఎందుకడిగిందో ఇప్పుడు తెలిసింది."

నవ్వు ఆగాక గెర్లిండె మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. లోపల మాటలు సన్నగా వినబడుతున్నాయి.

"ఆ మడి తీసేసుకుంటారు, కదా?"

"తీసేసుకోవచ్చు."

"మీరు లోపలుంటే?"

"తీసేసుకునేవాణ్ణి" అన్నాడు చోకె. జేబులోని కొలబద్దను తడుముతూ, "ఆ వాసన మళ్ళీ వస్తుందా?" అని అడిగాడు.

"ఏ వాసన?"

"ఆ పువ్వుది. ఒకసారి వచ్చింది, తర్వాత పోయింది. అది చూద్దామనే వంగాను. లేకపోతే కొలత తీసుకుని అప్పుడే లేచేవాణ్ణి."

గెర్లిండె ఆయనవైపు తిరిగింది. "వస్తుంది. తొందరపడకూడదు. వాసన కోసం మనం వెతుకుతున్నామని తెలియనివ్వకూడదు. సీగ్మార్‌కు కూడా ఇష్టమే ఆ వాసన. పారతో తవ్వి పారేసేవాడా, చేయి ముక్కు దగ్గర పెట్టుకుని గుడిసెలోకి వచ్చేవాడు. నేను చూడలేదనుకునేవాడు."

చోకె బెంచీ మీద కాస్త దగ్గరగా జరిగాడు. దాన్ని రెనాటె తన గుడిసె కిటికీలోంచి చూసింది. ఆమె చెప్పబట్టే అది మాకందరికీ తెలుసు.

ఆ ముచ్చట మధ్యలో లోపల మాటలు ఆగిపోయాయి. బదులుగా చెంచాల చప్పుడు వినబడింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"నా చారు!" అంది గెర్లిండె.

తలుపు తెరుచుకుంది. గుమ్మంలో బ్రొడౌఫ్ నిలబడి ఉంది, పెదవి మీద మీగడ. వెనక గుండిగ బల్ల మీద ఉంది. అడుగున గరిటె మోగుతోంది.

"రండి, రండి" అంది ఆమె, కొంచెం తడబడుతూ. "హైనికె గారూ, ఆ చారు... పొయ్యి మీద ఊరికే ఉడుకుతోంది. అందరం పొద్దుటినుంచి ఏమీ తినలేదు. వాసన చూద్దామని మూత తీశాం."

"చూశారా?"

"చూశాం. అడుగుదాకా చూశాం. అందులో ఏం వేశారమ్మా?"

"ఆ మడిలోవే. ఫైల్షెన్ ఆకులు."

కమిటీవాళ్ళు గిన్నెల్లోకి చూసుకున్నారు. ఒకాయన రొట్టెముక్కతో గిన్నె తుడుస్తున్నవాడు తుడవడం ఆపాడు.

"అయితే" అంది బ్రొడౌఫ్ నిదానంగా, "మూడోవంతులో తినేది ఉండాలని కదా నియమం. మేం తిన్నాం. తినలేదని ఎవరైనా చెప్పగలరా?"

 ఉత్తి గిన్నెలు ముందు పెట్టుకుని ఏం చెప్తారు?

"కూరగాయేనని రాసుకోండి. కానీ తింటేనే కూరగాయ. అందుకని ఏటా ఆకుపచ్చ గురువారం నాడు ఆ మడిలో ఆకులతో చారు కాయాలి. సంఘం మొత్తానికి. సరేనా తోటమిత్రమా?"

గెర్లిండె తల ఊపింది.  "గుండిగ కడిగి ఇవ్వండి" అంది.

తీర్పు వచ్చాక కొత్త చిక్కు వచ్చింది. సంఘం మొత్తానికి చారంటే ఆ మడిలో ఆకులు ఏ మూలకూ చాలవు. వయొలెట్లు ఇంకా పెరగాలి. ఈసారి మడి పెంచమని గెర్లిండె తోటకు వచ్చిన మనిషి చోకెయే. మేకులూ తాడూ పట్టుకొచ్చి, దుంపమడి పక్కన గడ్డి గీకించి, నాలుగు వైపులా మేకులు కొట్టి, పట్టాల్లా తిన్నగా తాళ్ళు కట్టాడు. వేసవిలో ఆకుల చాటున కట్టిన గింజలు ఏరి, వరసలు వరసలుగా చల్లాడు.

"ఉండవు చోకె గారూ, అవి ఉండవు" అంది గెర్లిండె.

"వరస చూపిస్తే ఎందుకుండవు?"

మరుసటి మార్చి వచ్చింది. తాళ్ళ మధ్య ఒక్క మొక్క లేదు, నున్నటి మన్ను. తాళ్ళకు అవతల, బాట మీద, బెర్రీ పొద కింద, గుడిసె గోడ పొడుగునా, గుంపులు గుంపులుగా పూశాయి. చోకె నడుం మీద చేతులు పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు.

"ఇదేం పద్ధతి?"

"నాకు చెప్తారేం? వాటికి చెప్పండి."

ఆయన మోకాళ్ళ మీద కూర్చుని మేకులు ఒక్కొక్కటే పీకాడు. తాడు విప్పాడు. పువ్వులు ఎక్కడెక్కడ ఉన్నాయో అక్కడక్కడల్లా మేకులు కొట్టుకుంటూ, వంకరటింకరగా వాటి చుట్టూ తాడు తిప్పుకొచ్చాడు. గుడిసె మూల దగ్గరికి వచ్చేసరికి తాడు చాలలేదు.

గెర్లిండె లోపలికి వెళ్ళి ఎర్ర ఉన్నిదారం ఉండ తెచ్చి ఇచ్చింది.